కాలువ గట్టున సైకిల్ బాట

హైదరాబాద్ కొత్తగూడలో 2017లో పాలపిట్ట సైకిల్ పార్కు తెరిచారు. 2023లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. వ్యాయామానికి తొక్కేవారికి రెండూ మేలైనవే. మరి బతుకుతెరువుకు తొక్కేవారి మాటేమిటి?

కృష్ణా డెల్టాలో బడికి, పొలానికి, సంతకు సైకిలే ఆధారమైన ఇళ్లు ఇంకా ఉన్నాయి. నగరం అనే ఊరి నుంచి రేపల్లె వైపు పొద్దున్నే చూడండి. క్యారియర్‌కు పుస్తకాల సంచి బిగించుకున్న పిల్ల, వెనక లారీ హారన్ వినపడగానే తారు దిగి మట్టి మార్జిన్‌లోకి చక్రం తిప్పుతుంది. బడికొస్తా పథకం కింద బాలికలకు సైకిళ్లిచ్చిన ప్రభుత్వం, తొక్కడానికి దారి మాత్రం చూపలేదు.

దారికి కొత్తగా భూసేకరణ అక్కర్లేదు. తెనాలి పట్టణం మధ్యగా మూడు కాలువలు పారుతున్నాయి. కృష్ణపై 1855లో తొలి ఆనకట్ట పూర్తయ్యాక విస్తరించిన కాలువల గట్లు పల్లెపల్లెనూ కలుపుతున్నాయి. నేల చదును, ఎత్తులెక్కే శ్రమ లేదు. పూడికతీత యంత్రాలకు ఒక గట్టు వదిలి, రెండో గట్టున సిమెంటు బాట వేయాలి. కాలువ వైపు కంచె, నీడకు కానుగ చెట్లు, మోటారు బండ్లు దూరకుండా అడ్డురాళ్లు ఉండాలి. గట్టున గుడిసెలుంటే ముందు వాటిలో ఉండేవారికి చోటు చూపాలి.

తెనాలి మున్సిపాలిటీ, బాపట్ల జిల్లా యంత్రాంగం జలవనరుల శాఖతో కూర్చుని, ఉన్నత పాఠశాలలకు దగ్గరున్న గట్లతో మొదలుపెట్టాలి. షికారుకు వచ్చేవారు తర్వాత ఎలాగూ వస్తారు. బాట మాత్రం బడిపిల్లల కోసం పడాలి.