కొత్తజంటకు ప్రయాణం, మీకు సంపాదన

బుక్కపట్నం నుండి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. డిగ్రీ చదివింది, పెళ్ళయి అత్తవారింట ఉంటోంది, ఇంట్లో కంప్యూటరు ఉంది. ట్రావెల్ అడ్వైజరుగా పని మొదలుపెట్టాలని ఆశ. మొట్టమొదటి బేరం తోడికోడలి చెల్లెలి హనీమూన్! "మైసూరు, ఊటీ అంటున్నారు. అరవై వేలు దాటకూడదట. ఏదైనా తేడా వస్తే చుట్టాల్లో నా ముఖం ఎలా చూపించను?" అని అడుగుతోంది.

భయం సబబే. చీర నచ్చకపోతే కొట్టుకి పట్టుకెళ్ళి మార్చుకోవచ్చు. హనీమూన్‌ని మార్చుకోలేం కదా!

పని మాత్రం మనకు కొత్తది కాదు సుమా. 1830లో మద్రాసు నుండి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు దారి ఎలా ఉంది, ఏ మజిలీలో ఏం దొరుకుతుంది అని స్నేహితుడికి వివరంగా రాసి పంపారు. అదే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. అలాంటి వివరమే మీ సరుకు. టికెట్లు ఎవరైనా తీస్తారు.

ముందుగా పెళ్ళికూతురితో విడిగా మాట్లాడండి. మన ఇళ్ళల్లో ఊరు ఎంచేది అబ్బాయి స్నేహితులు, డబ్బిచ్చేది పెద్దవాళ్ళు. ఆ పిల్లకి చలి పడుతుందా, ఘాట్ రోడ్డు మీద కడుపులో తిప్పుతుందా అని అడిగే నాథుడుండడు. నెలసరి తేదీ సంగతి సరేసరి. మగ ఏజెంటు అడగలేడు, ఆ పిల్ల చెప్పలేదు. మీరు అడగగలరు. ఈ పనిలో మీకున్న పెద్ద బలం ఇదే అంటాను నేను. ఆమె చెప్పింది మీ కడుపులోనే ఉంచుకుని, "ఆ వారం రూములు ఖరీదు, పై వారం వెళ్దాం" అనేస్తే సరి.

తర్వాత ముహూర్తం చూడండి. మాఘమాసం పెళ్ళయితే ఊటీలో చలి ఇంకా వణికిస్తూ ఉంటుంది. ఏడు వేల అడుగుల పైన ఉన్న ఊరు మరి! మన ఎండలకు అలవాటుపడ్డ ఒంటికి ధర్మవరం పట్టుచీర ఒక్కటీ చాలదు, స్వెట్టరు, మేజోళ్ళు పెట్టించండి. వైశాఖమైతే జనం, రూములు మండిపోతాయి. శ్రావణమైతే వాన. ఖర్చు మరీ గొంతు మీదికొస్తే మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండ ఉండనే ఉంది. కదిరి మీదుగా వెళ్ళి రెండు రాత్రులుండి రావచ్చు. చిన్న ఊరని చిన్నచూపు చూడకండి, రాష్ట్ర టూరిజం వాళ్ళ బస కూడా ఉంది.

ఇక ఊటీయే కావాలంటే దారి జాగ్రత్త. బుక్కపట్నం నుండి బెంగళూరు సుమారు 160 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి మైసూరు మరో 145. మొదటి రాత్రి మైసూరులోనే ఆపండి. పెళ్ళి అలసట తీరనివాళ్ళను ఒక్క పరుగున కొండెక్కించడం అన్యాయం! మర్నాడు బండీపూర్ అడవి దాటాలి. అక్కడ రాత్రి 9 నుండి ఉదయం 6 దాకా కార్లను వదలరు. మధ్యాహ్నమే దాటేలా లెక్కవేయండి. 2024 మే 7 నుండి నీలగిరి జిల్లాకు వచ్చే బయటి వాహనాలకు ఈ-పాస్ పెట్టారు. బయల్దేరే ముందు ఆ రోజు నిబంధన ఏమిటో చూసి, పాసు కాగితం డ్రైవరు చేతికివ్వండి. ప్లాస్టిక్ నీళ్ళసీసాలు అక్కడ నిషేధం, స్టీలు సీసా సర్దించండి.

కొండరైలు మేట్టుపాళయం నుండి ఊటీకి 46 కిలోమీటర్లు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మైసూరు వైపు నుంచి వెళ్ళేవాళ్ళకు మొత్తం ప్రయాణం కుదరదు, ఊటీ నుంచి కూనూరుకి ఓ గంట సేపు ఎక్కిస్తే ముచ్చట తీరుతుంది.

రైలు టికెట్ల విషయంలో గట్టిగా చెప్తున్నాను, వినండి. మీ సొంత ఐడీతో ఇంట్లోవాళ్ళకు తీసుకోవచ్చు గానీ పైన కమీషను వేసుకుని బయటివాళ్ళకు అమ్మకూడదు. 1989 నాటి రైల్వే చట్టం 143వ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. అధీకృత ఏజెంటుగా చేరండి, లేదా వాళ్ళ ఐడీతోనే వాళ్ళ చేత తీయించండి. 2024 నవంబరు 1 నుండి రిజర్వేషను 60 రోజుల ముందే మొదలవుతోంది, పాత 120 రోజుల లెక్క మరిచిపోండి. మరో మాట, పెళ్ళికూతురి పేరు ఆధార్‌లో ఎలా ఉంటే టికెట్లో అలాగే ఉండాలి. ముచ్చటపడి అత్తింటి ఇంటిపేరు తగిలించకండి!

డబ్బు మాట ముందే చెప్పండి. "వదినా, మనలో మనకేంటి" అంటారు. మనలో మనకే కాగితం కావాలి. మీ ఫీజు ఇంత, హోటలు నుంచి మీకు కమీషను వస్తుంటే అది ఇంత, రద్దు చేసుకుంటే తిరిగొచ్చేది ఇంత అని రాసి వియ్యంకులిద్దరికీ చెరొక కాపీ ఇవ్వండి. అడ్వాన్సు సొమ్ము ఇంటి ఖర్చు డబ్బాలో కలపొద్దు. ఉద్యమ్ రిజిస్ట్రేషను ప్రభుత్వ పోర్టల్లో ఉచితం, ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

దారికి ఓళిగలు, శెనక్కాయల పొడి వాళ్ళమ్మగారు ఎలాగూ కట్టిస్తారు. మీరు నిమ్మకాయ ఉప్పు, శొంఠి పొట్లం కలపండి. ముందు రోజు హోటలుకి ఫోన్ చేసి రూము ఖాయమేనా అని మరోసారి అడగండి. హోటలు నంబరు, డ్రైవరు నంబరు, మీ నంబరు రాసిన చీటీ అబ్బాయికొకటి, అమ్మాయి పర్సులో ఒకటి.