సింగరేణి బొగ్గు ప్రాంతంలో స్థానిక లాక్‌డౌన్ నిబంధనలు

సింగరేణి బొగ్గు ప్రాంతంలో స్థానిక లాక్‌డౌన్ నిబంధనలు అనగా 2020, 2021 సంవత్సరాలలో కరోనా మహమ్మారి కాలమున తెలంగాణ రాష్ట్రంలోని బొగ్గు గనుల పట్టణాలలోను, కాలనీలలోను జనసంచారంపై అమలు చేయబడిన ఆంక్షలు. ఈ వ్యాసం ముఖ్యంగా పెద్దపల్లి జిల్లా, రామగిరి మండలంలోని సెంటినరీ కాలనీని, దాని చుట్టూ ఉన్న రామగుండం, గోదావరిఖని ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని వ్రాయబడింది. ఇక్కడ ఆంక్షల హద్దులు జిల్లాల వారీగా గీయబడ్డాయి. జనజీవనం మాత్రం గనుల పాళీలను బట్టి నడుస్తుంది. ఈ రెండింటికీ పొంతన కుదరకపోవడం వల్లనే అనేక చిక్కులు ఏర్పడ్డాయి.

ప్రాంత పరిచయం

సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు వద్ద మొదలైంది. ఆ శతాబ్ది సందర్భాన్ని సెంటినరీ కాలనీ పేరు గుర్తు చేస్తుంది. సింగరేణి సంస్థలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నాయి. సంస్థ యొక్క రామగుండం-3 ఏరియా కార్యాలయం ఈ కాలనీలోనే ఉన్నది. సంస్థ క్వార్టర్లలో ఉపరితల గనుల కార్మికులు, భూగర్భ గనుల కార్మికులు పక్కపక్కనే నివసిస్తారు. ఇక్కడి బొగ్గు రామగుండంలోని 2600 మెగావాట్ల ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రానికి కూడా వెళ్తుంది. కనుక గనులను పూర్తిగా మూసివేయడమన్నది ప్రభుత్వం ముందు ఎన్నడూ సులభమైన మార్గం కాదు.

మొదటి స్థానిక కట్టడి

రాష్ట్రంలో తొలి కేసు 2020 మార్చి 2న హైదరాబాదులో బయటపడింది. ఈ ప్రాంతానికి వ్యాధి భయం రైలు మార్గాన వచ్చింది. ఇండోనేషియా నుండి వచ్చిన మతప్రచారకుల బృందం మార్చి 13న ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మరునాడు రామగుండంలో దిగి, అక్కడి నుండి రోడ్డు మార్గాన కరీంనగర్ చేరింది. కొద్ది రోజులలోనే వారిలో పలువురికి వ్యాధి నిర్ధారణ అయింది. అప్పటికి దేశవ్యాప్త లాక్‌డౌన్ లేదు. కరీంనగర్‌లో కలెక్టరేటు పరిసరాలలోని ముకరంపుర ప్రాంతాన్ని కట్టడి చేసి, వైద్య బృందాలను ఇంటింటికీ పంపి సర్వే జరిపించారు. దేశంలో ఒక పట్టణ భాగాన్ని మాత్రమే వేరుచేసి కట్టడి చేసిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. ఇంగ్లండులోని లెస్టర్ నగరానికి ప్రత్యేక స్థానిక లాక్‌డౌన్ ప్రకటించబడినది అదే సంవత్సరం జూన్ 29న, అనగా మూడు నెలలకు పైగా గడిచిన తరువాత.

చట్టపరమైన ఆధారం

రాష్ట్ర ప్రభుత్వం 1897 నాటి అంటువ్యాధుల చట్టం క్రింద మార్చి 22న జారీ చేసిన 45వ నంబరు జీ.ఓ. ద్వారా లాక్‌డౌన్ విధించింది. బహిరంగ స్థలాలలో ఐదుగురికి మించి గుమికూడరాదని ఆదేశించింది. ఆపై రాత్రి 7 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు కర్ఫ్యూ వచ్చింది. మార్చి 25 నుండి కేంద్రం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం క్రింద దేశమంతటా లాక్‌డౌన్ అమలు చేసింది. అంటువ్యాధుల చట్టంలో ఆజ్ఞను ఉల్లంఘించినవారికి అప్పట్లో భారత శిక్షాస్మృతి 188వ సెక్షన్ వర్తించేది. విపత్తు చట్టంలోని శిక్షలు వీటికి తోడయ్యాయి.

లెస్టర్ నిబంధనలతో పోల్చి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. 2020 జులై 4న అమలులోకి వచ్చిన ఆ నిబంధనలలో ఏయే పిన్‌కోడ్ ప్రాంతాలకు ఆంక్షలు వర్తిస్తాయో అనుబంధంలో వ్రాశారు. ఆంక్షల అవసరాన్ని కనీసం 14 రోజులకొకసారి సమీక్షించాలనే బాధ్యతను కూడా మంత్రిపై మోపారు. తెలంగాణలో గడువు తేదీ ఉండేది, ఆ గడువు మంత్రివర్గ నిర్ణయంతో పెరిగేది. ఎక్కడ కట్టడి చేయాలన్నది కలెక్టర్లు, పోలీసు అధికారుల విచక్షణపై ఎక్కువగా ఆధారపడింది. ఈ పద్ధతిలో వేగం ఉన్నమాట నిజం, కరీంనగర్ అందుకు సాక్ష్యం. అయితే తన వీధికి ఏ నిబంధన వర్తిస్తుందో ముందుగా చదివి తెలుసుకునే వీలు సామాన్య పౌరునికి తక్కువ.

రంగుల విభజన

2020 ఏప్రిల్ 30న కేంద్రం జిల్లాలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ మండలాలుగా విభజించింది. తెలంగాణలోని 33 జిల్లాలలో 6 ఎరుపులోను, 18 నారింజలోను, 9 ఆకుపచ్చలోను చేరాయి. సింగరేణి గనులు విస్తరించిన ఆరు జిల్లాలలో పెద్దపల్లి, భద్రాద్రి కొత్తగూడెం ఆకుపచ్చ అయ్యాయి. మంచిర్యాల, కొమరంభీం ఆసిఫాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ఖమ్మం నారింజలో నిలిచాయి. ఎరుపులో ఒక్కటీ లేదు.

పటములో చూసినప్పుడు ఈ విభజన సక్రమంగానే ఉన్నట్లు తోచును. గోదావరిఖని వంతెనపై నిలిచి చూస్తే వేరు. నదికి ఇవతలి గట్టు పెద్దపల్లి జిల్లా, అవతలి గట్టు మంచిర్యాల జిల్లా. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి గనులన్నీ అవతల ఉన్నాయి. ఒకే కుటుంబంలో తండ్రి ఇవతలి గనిలో, కొడుకు అవతలి గనిలో పనిచేయడం ఈ ప్రాంతంలో సర్వసాధారణం. కేంద్ర నిబంధనల ప్రకారం ఆకుపచ్చ జిల్లాలో సగం సీట్లతో బస్సులు నడపవచ్చు. నారింజ జిల్లాలో ఆ వీలు లేదు, అనుమతించిన పనులకే జిల్లా దాటాలి. విచిత్రమేమనగా, రామగుండం పోలీసు కమిషనరేటు పరిధిలోకి పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలు రెండూ వస్తాయి. ఒకే కమిషనరు క్రింద వంతెనకు రెండు వైపులా రెండు రంగులు అమలు కావలసి వచ్చింది.

ఆచరణలో ఈ తేడా పూర్తిగా వెల్లడి కాలేదు. రాష్ట్రం తన లాక్‌డౌన్‌ను మొదట మే 7 వరకు, తరువాత మే 29 వరకు పొడిగించింది. మే 18న కట్టడి ప్రాంతాలు మినహా అన్నింటినీ ఆకుపచ్చగా పరిగణిస్తున్నట్లు ప్రకటించింది, మరునాటి నుండి హైదరాబాదు వెలుపల ఆర్.టి.సి. బస్సులు కదిలాయి. అంటే రంగుల విభజన ఇక్కడ మూడు వారాలైనా నిలువలేదు.

గనులు, లే-ఆఫ్

బొగ్గు ఉత్పత్తి, రవాణా, పేలుడు పదార్థాల సరఫరాలకు కేంద్రం లాక్‌డౌన్ నుండి మినహాయింపు ఇచ్చింది. దీనితో గని కార్మికుడు నివాసిగా ఇంట్లో ఉండాలి, ఉద్యోగిగా పాళీకి హాజరు కావాలి. రాత్రి 7 తరువాత రోడ్డుపై కనిపించరాదన్న నిబంధన, రాత్రివేళ దిగిపోయే రెండవ పాళీ, రాత్రివేళే ఎక్కే మూడవ పాళీ ఒకే ఊరిలో సాగాయి.

భూగర్భ గనులలో గాలి, చోటు పరిమితం. కార్మికులు గుంపులుగా దిగవలసి ఉంటుంది. ఈ కారణంగా సింగరేణి 2020 ఏప్రిల్ 1 నుండి భూగర్భ గనులకు లే-ఆఫ్ ప్రకటించి, ఉపరితల గనులను కొనసాగించింది. మొదట ఏప్రిల్ 14 వరకని చెప్పిన ఈ లే-ఆఫ్ తరువాత పొడిగించబడింది. వ్యాధి నివారణ దృష్ట్యా ఈ నిర్ణయాన్ని తప్పుపట్టలేము. అయితే దాని భారం అందరిపై సమానంగా పడలేదు.

అప్పట్లో అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 25-సి సెక్షన్ ప్రకారం లే-ఆఫ్ కాలానికి మూల వేతనం, కరువు భత్యములలో సగం పరిహారంగా చెల్లించవలసి ఉండేది. ఇది ఒక సంవత్సరం నిరంతర సేవ పూర్తిచేసిన కార్మికులకే వర్తించేది. బదిలీ కార్మికులను చట్టం మినహాయించింది. సంవత్సరపు నిరంతర సేవ పూర్తయినవారిని మాత్రం ఈ సెక్షన్ నిమిత్తం బదిలీగా పరిగణించరాదని ఉండేది. నిరంతర సేవకు భూగర్భ గనిలో 190 రోజులు, ఇతరత్రా 240 రోజులు పనిచేసి ఉండవలసి వచ్చేది. కాబట్టి కొత్తగా చేరి, మస్టర్లు లెక్కపెట్టుకుంటున్న యువ కార్మికునికి మూతబడిన గని ద్వారం నష్టమే: ఆ దినపు కూలి రాదు. పక్క క్వార్టరులోని ఉపరితల గని కార్మికుడు వ్యాధి భయంతోనే అయినా పూర్తి వేతనంపై డ్యూటీకి పోతున్నాడు. కాంట్రాక్టు కార్మికుల స్థితి ఇంకా దిగువ. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు రాష్ట్రం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. వలస కూలీలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు అందించాలని నిర్ణయించింది.

2019-20లో 64.04 మిలియన్ టన్నులుగా ఉన్న సంస్థ ఉత్పత్తి 2020-21లో 50.58 మిలియన్ టన్నులకు పడిపోయింది. విద్యుత్తుకు, బొగ్గుకు గిరాకీ తగ్గడం కూడా ఇందుకు కారణం కనుక తగ్గుదలనంతా ఆంక్షల ఖాతాలో వేయరాదు. 2021-22లో ఉత్పత్తి 65.02 మిలియన్ టన్నులకు చేరింది.

2021 నాటి ఆంక్షలు

రెండవ విడతలో 2021 ఏప్రిల్ 20 నుండి రాత్రి కర్ఫ్యూ, మే 12 నుండి లాక్‌డౌన్ వచ్చాయి. ఈసారి గనులు నడిచాయి. సడలింపు ఉదయం 6 నుండి 10 గంటల వరకు మాత్రమే. సెంటినరీ కాలనీ వంటి చోట ఇది చిత్రమైన పరిస్థితిని తెచ్చింది. ఉదయపు పాళీ కార్మికుడు అంగళ్ళు తెరిచి ఉన్నంతసేపు గనిలో ఉంటాడు, బయటికి వచ్చేసరికి అన్నీ మూసి ఉంటాయి. రాత్రి పాళీవాడు నిద్రలేమితోనే సంతకు పోవాలి. ఆ భారం సహజంగానే ఇంటి ఆడవారిపై పడింది. మే 31 నుండి సడలింపు మధ్యాహ్నం 1 గంట వరకు, జూన్ 10 నుండి సాయంత్రం 5 వరకు పెరిగింది, ఇళ్ళకు చేరుకొనుటకు అదనంగా ఒక గంట ఇచ్చారు.

జూన్ 10 నాటి సడలింపు కొన్ని నియోజకవర్గాలకు వర్తించలేదు. సత్తుపల్లి, మధిర, నల్లగొండ, నాగార్జునసాగర్, దేవరకొండ, మునుగోడు, మిర్యాలగూడలలో పాత ఆంక్షలే కొనసాగాయి. ఆంక్షలకు జిల్లాను కాక శాసనసభ నియోజకవర్గాన్ని కొలతగా తీసుకోవడం విశేషం. వీటిలో సత్తుపల్లి సింగరేణి ఉపరితల గనులున్న ప్రాంతమే. ఆ పది రోజులు రామగుండం గని కార్మికుడు సాయంత్రం వరకు సరుకులు కొనగలిగాడు, అదే సంస్థలో అదే పాళీ చేసే సత్తుపల్లి కార్మికునికి ఆ వీలు లేకపోయింది. జూన్ 20 నుండి రాష్ట్రమంతటా లాక్‌డౌన్ ఎత్తివేయబడింది.