కొనేవారి పక్షాన ఎవరున్నారు?

మేడ్చల్ వైపు 44వ జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి. ఈ రెండు దారుల వెంట పొలాల గట్ల మీద నేడు వెంచర్ల బోర్డులు వెలిశాయి. ఔటర్ రింగు రోడ్డు, జీనోమ్ వ్యాలీ, రానున్నదంటున్న మెట్రో... ఇవన్నీ చూపి ధరలు చెబుతున్నారు. ఇరుకు అద్దె ఇళ్లలో ఏళ్లు గడిపిన కుటుంబాలు, గల్ఫ్‌లో చెమటోడ్చి కూడబెట్టినవారు, పదవీ విరమణ సొమ్ము చేతికందినవారు నూరు, నూటయాభై గజాల జాగా కోసం ఇటు వస్తున్నారు.

వారిని కారెక్కించుకొని స్థలం చూపించే వ్యక్తి ఎవరు? చాలా సందర్భాలలో ఆయన వెంచరు యజమాని నుండి కమీషన్ పుచ్చుకొనేవాడు. అది ఆయన జీవనోపాధి, తప్పు పట్టనక్కరలేదు. కాని ధర తగ్గితే ఆయన కమీషన్ తగ్గుతుంది, బేరం చెడితే అసలే రాదు. అట్టివాని నోట ‘ఈ స్థలం మీకు వద్దు’ అన్న మాట వెలువడుతుందని ఆశించగలమా? ‘మనవాడే, మన మసీదుకే వస్తాడు’ అన్న భరోసాతో మనలో అనేకులు లక్షలు అప్పగిస్తున్నారు. నమాజులో పక్కన నిలిచినవాడు బేరంలోనూ మన పక్కనే నిలుస్తాడన్న హామీ లేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఏజెంటు తనను నియమించినవారికి జవాబుదారీ. కనుక కొనేవారు తమ ఏజెంటును తామే నియమించుకోవాలి. పారితోషికమెంతో, అమ్మేవారి నుండి పైసా పుచ్చుకోరాదన్న షరతుతో సహా కాగితంపై రాసుకోవాలి. అమెరికాలో రియల్టర్ల జాతీయ సంఘం 2024 ఆగస్టు నుండి, ఇల్లు చూపించక ముందే కొనుగోలుదారుతో లిఖిత ఒప్పందం చేసుకోవాలని తన సభ్యులకు నియమం విధించింది.

2016 నాటి రెరా చట్టం మనకు అండగా ఉంది. రెరా ప్రాజెక్టులలో అమ్మకాలు జరిపించే ఏజెంటు స్వయంగా రెరాలో నమోదై ఉండాలి. నమోదు కావలసిన ప్రాజెక్టును నమోదు కాకుండా అమ్మించరాదు. రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేనిదే ప్రమోటరు 10 శాతానికి మించి సొమ్ము తీసుకోరాదు. ‘ప్రీ లాంచ్’ పేరిట మొత్తం సొమ్ము ముందే అడిగితే అక్కడే ఆగిపోవాలని మన ఏజెంటు చెప్పగలగాలి.

అతని పని అంతటితో తీరదు. ఈసీ, లింకు దస్తావేజులు, హెచ్‌ఎండీఏ లేఅవుటు అనుమతి, 22ఏ నిషేధిత జాబితా, చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు, వక్ఫ్ బోర్డు రికార్డు... వీటినన్నిటినీ తెప్పించి న్యాయవాది ముందుంచాలి. న్యాయవాది అభిప్రాయం రాకముందు అడ్వాన్సు ఇవ్వరాదు. వక్ఫ్ భూమి అమ్మకం చట్టరీత్యా చెల్లదు. వక్ఫ్ పరిరక్షణకై సభలలో గొంతెత్తే మనమే తెలియక ఆ భూమిని కొంటే ఇంటి సొమ్మూ పోతుంది, సమాజపు ఆస్తీ అన్యాక్రాంతమవుతుంది.

ఈ ఖర్చు భారమని కొందరనవచ్చు. ఒకే వెంచరులో కొనదలచిన నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక ఏజెంటును, ఒక న్యాయవాదిని పెట్టుకొంటే భారం పంచుకొన్నట్లవుతుంది. మొహల్లా కమిటీలు ఈ బాధ్యత తలకెత్తుకోవాలి. రెరాలో నమోదై, కొనేవారి పక్షాన మాత్రమే పనిచేసేందుకు అంగీకరించినవారి జాబితాను ప్రతి మసీదు నోటీసు బోర్డుపై ఉంచాలి. మోసపోయినవారి వెంట ఠాణాల చుట్టూ తిరిగేకంటె సంతకానికి ముందే వారికి తోడు నిలవడం నిజమైన సేవ.