పాతసామాన్ల కొట్లో దొరికిన బొమ్మ ఎవరిది?

పెళ్లయిన కొత్తలో నేనో తెలివితక్కువ పని చేశాను. అటక సర్దుతుంటే చెదలు తిన్న చట్రంలో మసిబారిన కృష్ణుడి పటం ఒకటి కనిపించింది. వీధిలోకొచ్చిన పాతసామాన్లవాడికి అది ఇచ్చేసి రెండు స్టీలు డబ్బాలు పుచ్చుకున్నాను. అత్తయ్యగారు చూసి ఏమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక మాత్రం, "దాని వెనక మా అమ్మ పేరు రాసుండేదమ్మాయ్, చూశావా?" అన్నారు. నేను వెనక్కి తిప్పి చూడనే లేదు! ఆ డబ్బాల్లో కందిపప్పు పోసినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తూనే ఉంటుంది.

ఈమధ్య ఓ ఇంగ్లీషు నవల చదువుతుంటే మళ్లీ గుర్తొచ్చింది. హానా రాత్‌స్‌చైల్డ్ 2015లో రాసిన 'ది ఇంప్రాబబిలిటీ ఆఫ్ లవ్'. అందులో యానీ లండన్లో వంట చేసుకు బతికే అమ్మాయి. ప్రేమలో దెబ్బతిని ఉంది. కొత్తగా పరిచయమైన ఒకతనికి కానుకిద్దామని పాతసామాన్ల కొట్లో 75 పౌండ్లకి మురికిపట్టిన బొమ్మ ఒకటి కొంటుంది. ఆ పెద్దమనిషి భోజనానికి రానే రాడు. తీరా చూస్తే ఆ బొమ్మ 18వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు వాటో వేసిందిట! (చిత్రకారుడు నిజం, బొమ్మ కల్పితం.) ఇంకేముంది, గ్యాలరీలవాళ్లు, వేలంపాటలవాళ్లు, కోటీశ్వరులు ఈగల్లా ముసురుతారు. మధ్యమధ్యలో బొమ్మే నోరువిప్పి తనెంతమంది రాజుల దగ్గర ఉందో గొప్పలు చెప్పుకుంటుంది. పాత్రలు మరీ ఎక్కువై, ఎవరెవరో గుర్తుపెట్టుకోవడానికి కాస్త తంటాలు పడ్డాను గానీ, నవ్వుకి లోటులేదు. హాస్యరచనలకిచ్చే వుడ్‌హౌస్ బహుమతిని 2016లో మరో నవలతో కలిసి పంచుకుందీ పుస్తకం. రచయిత్రికి ఆ లోకం కొత్త కాదు. లండన్ నేషనల్ గ్యాలరీ ధర్మకర్తల మండలికి అధ్యక్షురాలైన మొదటి స్త్రీ ఆవిడే.

నవ్విస్తూనే ఆవిడ ఓ ముల్లు గుచ్చుతుంది. ఈ బొమ్మ అంతకు ముందు ఎవరిది? హిట్లర్ కాలంలో యూదుల ఇళ్లలోంచి ఎత్తుకుపోయిన సొత్తు పెద్దవాళ్ల చేతుల్లోకి ఎలా చేరిందో అక్కడ బయటపడుతుంది. నింద మాత్రం వంటపిల్ల మీద పడుతుంది. ఆమె మాట నమ్మేదెవరు?

ఇది కథల్లోనే అనుకోకండి. గుస్తావ్ క్లిమ్ట్ 1907లో పూర్తిచేసిన అడెల్ బ్లాక్-బావర్ చిత్తరువుని నాజీలు లాక్కున్నారు. యూదుల పేరు కనబడకూడదని ఆమె పేరు తీసేసి 'బంగారు మహిళ' అని ప్రదర్శించారు. బొమ్మ కావాలి, ఆ బొమ్మలోని మనిషి అక్కర్లేదు! యుద్ధం అయిపోయాక కూడా అది వియన్నాలోనే ఉండిపోయింది. అడెల్ అక్కకూతురు మరియా ఆల్ట్‌మన్ అమెరికా వెళ్లి బట్టల వ్యాపారం చేసుకు బతికిన మనిషి. ఎనభయ్యో పడి దాటాక ఆస్ట్రియా ప్రభుత్వం మీదే దావా వేసింది. 2004లో అమెరికా సుప్రీంకోర్టు ఆ దావా నడవొచ్చంది. 2006లో బొమ్మ ఆమె చేతికొచ్చింది. అదే క్లిమ్ట్ వేసిన ఎలిజబెత్ లెడరర్ చిత్తరువు 2025 నవంబరులో న్యూయార్కు వేలంలో 23.64 కోట్ల డాలర్లు పలికింది. అదీ ఒకప్పుడు నాజీలు పట్టుకుపోయిందే.

దోచిన బొమ్మల విషయంలో న్యాయం చేస్తామని 1998లో వాషింగ్టన్లో 44 దేశాలు ఒప్పుకున్నాయి. కానీ అది ఒప్పుకోవడమే గాని చట్టం కాదు. సొమ్ము పోగొట్టుకున్నవాళ్లే రుజువు తేవాలి. ఇల్లూవాకిలీ వదిలి పారిపోయినవాళ్ల దగ్గర రశీదులు ఎక్కణ్ణుంచి వస్తాయి చెప్పండి? పుచ్చుకున్నవాళ్లకేమో లాయర్లుంటారు, చక్కటి కాగితాలుంటాయి.

మన దాకా రాలేదనుకుంటున్నారా? గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధక్షేత్రం ఉంది. అక్కడి మూడో శతాబ్దపు సున్నపురాతి శిల్పం, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులది, దొంగల పాలై సముద్రాలు దాటింది. న్యూయార్కు వ్యాపారి దగ్గర ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో దాన్ని కొంది. 2016లో భారతదేశానికి తిరిగి ఇచ్చింది. అది చందవరంలో ఉన్నప్పుడు తీసిన పాత ఫోటో ఉండబట్టి కదా ఆ మాట తేలింది! ఫోటో తీసినవాళ్లు లేకపోతే అది ఈనాటికీ పరాయిగడ్డ మీదే ఉండేదేమో.

వందేళ్లు దాటిన పురావస్తువులని మామూలు మనుషులు దేశం దాటించకూడదని మన 1972 నాటి చట్టం చెబుతోంది. చట్టం గుళ్లకీ, మ్యూజియాలకీ కాపలా కాస్తుందేమో గాని మన అటకెక్కి చూడదు కదా. ఇళ్లలో ఉన్నవాటి చరిత్ర ఆడవాళ్ల నోళ్లలోనే ఉంటుంది. ఈ మరచెంబు ఎవరి పుట్టింటిది, ఆ పటం ఎవరు తెచ్చారు, ఈ పట్టుచీర ఏ పెళ్లికి కొన్నారు... అవన్నీ వాళ్లకే తెలుసు. వాళ్లు పోతే వస్తువు మిగులుతుంది, పేరు పోతుంది. పేరు పోయిన వస్తువుని పాతసామాన్లవాడికి ఇవ్వడం ఎంత తేలికో నాకు తెలుసు.

అన్నీ దాచుకోమని నేననను. రెండు గదుల ఇళ్లలో ఎక్కడ దాస్తాం? ఇచ్చేసేముందు ఓసారి వెనక్కి తిప్పి చూడండి. సెల్‌ఫోన్లో ఫోటో తీసి, ఎవరిదో ఇంట్లో పెద్దవాళ్లనడిగి ఓ నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఖర్చు లేని పనే.

పోయిన నెల నేనూ మొదలుపెట్టాను. అత్తయ్యగారి పెళ్లి ఫోటో ఒళ్లో పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ఆవిడ చెబుతుంటే వెనకాల పెన్సిలుతో పేర్లు రాశాను. మగవాళ్లందరి పేర్లూ గడగడా వచ్చేశాయి. చివరి వరసలో చంటిపిల్లనెత్తుకుని నిలబడ్డ ఒకావిడ దగ్గర మాత్రం ఆగిపోయారు. "మా పెద్దమావయ్యగారి భార్య... అందరూ దొడ్డమ్మా అనేవాళ్లం. పేరేమిటో మరి!" అన్నారు. ఆ చోటు ఖాళీగా వదిలాను. రాజమండ్రిలో వాళ్ల మనవరాలు ఉందిట. ఆదివారం ఫోన్ చేసి అడగాలి.