దూడ వాటాకూ ధర కట్టాలి

ఈనిన గేదె కింద పోతుదూడ కనబడితే పాడి రైతు ఇంట్లో ఉసూరుమంటారు. పెయ్య అయితే రేపటి పాడి. పోతు అయితే తాగే ప్రతి గుక్కా నష్టమే. ఘంటసాల మండలం శ్రీకాకుళం నుంచి అవనిగడ్డ దాకా కృష్ణ ఒడ్డు ఊళ్లన్నిటికీ ఈ లెక్క తెలుసు. దూడకు రోజుకు దాని బరువులో పదో వంతు, దాదాపు మూడు లీటర్ల పాలు కావాలి. గేదె చేపగానే దాన్ని లాగి గుంజకు కట్టేస్తే ఆ పాలెక్కడివి? నెల తిరక్కుండా దూడ చస్తే తల్లి చేపదు. అప్పుడు కొందరు ఆక్సిటోసిన్ సూదికి దిగుతారు.

పాల కోసం పశువు ఆరోగ్యాన్ని చెరిపే సూది వేస్తే రెండేళ్ల దాకా జైలని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఆకలిదప్పులు, భయం, నొప్పి లేని బతుకు పశువు హక్కని 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పాల కేంద్రంలో రేటు కట్టేది వెన్న శాతానికి. దూడ కడుపు నిండిందా అని ఏ చీటీ అడగదు. తవుడు, చెక్క కొనలేక సతమతమయ్యే రైతును ఒక్కణ్నే బోనెక్కించడం అన్యాయం. ఈ పాపంలో పెద్ద వాటా పాలు కొనే మనది.

కనుమనాడు కొమ్ములకు రంగులద్దే ప్రేమ నిజమైనదే. పాల ధర దగ్గరికి వచ్చేసరికి అది నిలబడదు. ఇది మన ఒక్కరి బలహీనతే కాదు. కోళ్లను ఇరుకు బోనుల్లో పెట్టొద్దని 2008లో కాలిఫోర్నియాలో 63 శాతం మంది ఓటేశారు. అప్పటికి దుకాణంలో ఎక్కువమంది కొంటున్నవి ఆ బోను గుడ్లే. అందుకే దూడ వాటాను కొనేవారి ఇష్టానికి వదలకూడదు, ధరలోనే కలపాలి.

దారి లేకపోలేదు. పశువుల చెవికి 12 అంకెల ట్యాగు ఇప్పటికే వేస్తున్నారు. పోతైనా పెయ్యైనా, మూడు నెలలకు దూడ ఆరోగ్యంగా ఉందని పశుసంవర్ధక సహాయకుడు చూసి నమోదు చేస్తే, ఆ రైతుకు లీటరు మీద అదనంగా ఇవ్వాలి. పోతుదూడను పెంచి ఏం చేసుకోవాలన్న రైతు ప్రశ్న న్యాయమైనదే. ఆడదూడలే ఎక్కువగా పుట్టే వీర్యాన్ని రాయితీపై ప్రతి ఊరికీ చేర్చడం ప్రభుత్వ బాధ్యత. పుట్టిన దూడను మాత్రం మాడ్చి చంపే హక్కు ఎవరికీ లేదు.

అంగన్‌వాడీలకు పాలు కొనే ప్రభుత్వం ముందుగా ఈ ధర చెల్లించాలి. తర్వాత డెయిరీలు, ఆ తర్వాత మనం. లీటరుకు రెండు రూపాయలు ఎక్కువ అడిగితే ఇవ్వండి. ఆ డబ్బు దూడకు చేరిందో లేదో కూడా అడగండి.