డేనిష్ సమాసాన్ని అక్షరాల లెక్కతో కొలవకండి

డేనిష్ భాష ప్రస్తావన వస్తే చాలు, ఒక కొండవీటి చాంతాడంత మాట తెచ్చి వేడుక చూపడం మనవారికి పరిపాటి అయింది. "స్పెషల్‌లేయెప్రాక్సిస్‌ప్లాన్‌లెగ్నింగ్స్‌స్టబిలిసేరింగ్స్‌పెరియోదె"! రోమను లిపిలో 51 అక్షరాలు. నోరు తిరగదని నవ్వు. విగ్రహవాక్యం చెప్పనిదే సమాసాన్ని వెక్కిరించే అధికారం ఎవరిచ్చారు? నిపుణవైద్యుల ప్రాక్టీసు ప్రణాళికను స్థిరపరచే కాలం, అంతే. (ఈ మాటతో కూరగాయలు బేరమాడే డేన్ ఎవడూ ఉండడు లెండి.)

డేనిష్‌లో సమాసపు ప్రధానమైన ఊనిక సాధారణంగా తొలిపదానిది. తక్కినవి గౌణమైన ఊనికతో సరిపెట్టుకుంటాయి. తొలిపదమంటే తొలి అక్షరమని కాదు. పై మాటలో బరువు "స్పె" మీద పడదు, "షల్" మీద పడుతుంది. ఇది తెలిసినవాడికి నోరు తిరగకపోవడమేమిటి?

అక్షరవిభాగం అచ్చువారి గొడవ, అర్థంతో దానికి పనిలేదని మరికొందరి వాదం. శుద్ధ తప్పు. "సోల్" అంటే సూర్యుడు, "ఊర్" అంటే గడియారం, "సోలూర్" నీడగడియారం. రెండు అచ్చుల నడుమ హల్లును తరువాతి అచ్చుకు అంటగట్టే మామూలు సూత్రంతో పంక్తి చివర "సో-లూర్" అని విరిచారో, ఆడపంది కునుకు అవుతుంది! అందుకే సమాసాన్ని పదాల అతుకు దగ్గరే విరవాలన్నది అక్కడి నియమం. పై పెద్దమాటలో "ప్లాన్‌లెగ్నింగ్స్", "స్టబిలిసేరింగ్స్" కలిసేచోట రెండు సకారాలున్నాయి. మొదటిది అతుకు సకారం, అది పూర్వపదానికే చెందుతుంది. విరుపు దాని తరువాతే.

ఇదంతా మన సమాసప్రకరణమే, కొత్తేముందని పెదవి విరిచే పండితులకూ ఒక మాట. "డాన్స్క్‌లేరర్" అని కలిపి, ముందుపదాన్ని ఊది పలికితే డేనిష్ భాష బోధించేవాడు. "డాన్స్క్ లేరర్" అని విడిగా, రెండవపదానికి బరువిచ్చి పలికితే డేనిష్ జాతీయుడైన ఉపాధ్యాయుడు; ఆయన లెక్కలే చెప్పవచ్చు. మనం "తెలుగు ఉపాధ్యాయుడు" అంటే ఈ రెంటిలో ఏదో సందర్భం చెప్పాలి. తెలుగులో ఊనిక అర్థాన్ని మార్చదు. వారికి ఆ భేదాన్ని గొంతే చెబుతుంది, రాతలోని ఖాళీ చెబుతుంది.

ఆ ఖాళీని ఎక్కడపడితే అక్కడ చొప్పించి, ఇంగ్లీషులో అలాగే రాస్తారుగా అనేవారు డెన్మార్కులోనూ ఉన్నారు. వారి కాగితాల మీద ఎర్రసిరాతో పదాలను కలిపే అక్కడి పంతుళ్ల పక్షమే నాది.