కండ కొలతకు మన గీతలు

మంచము పట్టిన మనిషి కండ ఎంత వేగముగా కరగిపోవునో 2013లో లండను వైద్యులు కొలిచి చూపిరి: ప్రాణాపాయస్థితిలో ఇంటెన్సివ్ కేర్ విభాగమున చేరిన రోగుల తొడ ముందరి కండరము, అడ్డుకోత వైశాల్యమున, పది దినములలో సుమారు 18 శాతము తగ్గినది. అందుకు వారు వాడినది మన పట్టణములలో గర్భిణులకు స్కానింగు చేయు అల్ట్రాసౌండ్ వంటి యంత్రమే.

రోగిని వెల్లకిల పరుండబెట్టి, తొడపై జెల్ రాచి, తుంటికిని మోకాటిచిప్పకును నడుమ గుర్తించిన చోట ప్రోబ్‌ను నిలువుగా నిలిపినచో, తెల్లని పొర అంచుగా గల నల్లని కోలాకారము తెరపై కనబడును. ఆ అంచు వెంబడి మౌస్‌తో గీత గీయగా వైశాల్యము తేలును. గీయువాని ఓపికను బట్టి అంకె మారుచుండుటయే ఇందలి చిక్కు. 2015లో జర్మనీ పరిశోధకులు వెలువరించిన యు-నెట్ వంటి పద్ధతులనుండి పుట్టిన ప్రోగ్రాములు, అనేకమైన చేతిగీతలను చూచి నేర్చుకొని, ఆ పనిని క్షణములలో ముగించుచున్నవి. అయినను అవి గీత గీయునే కాని ప్రోబ్ పట్టిన చేయి ఎట్లున్నదో ఎరుగవు. అదిమిన కండ యంత్రమునకు అరిగిన కండయే.

దీనికన్న లోతైన సంశయము ఇంకొకటి కలదు. ఎత్తుకు తగిన బరువు సూచీ సరిగా సమానమైన ఒక భారతీయునికిని ఒక ఆంగ్లేయునికిని శరీరమందలి కొవ్వు 21 శాతము, 9 శాతముగా ఉండుటను పుణె వైద్యుడు యాజ్ఞిక్ 2004లో లాన్సెట్ పత్రికలో చూపెను. పాశ్చాత్యుల తొడలను చూచి నేర్చిన ప్రోగ్రాము, మహబూబాబాదు మిరపచేలలో దినమెల్ల నడుము వంచి కాయ యేరు లంబాడీ స్త్రీ తొడను, భూపాలపల్లి గనులలో పని చేసి దిగిపోయిన కార్మికుని తొడను, జనగామలో చక్కెరవ్యాధితో చిక్కిన ముదుసలి తొడను ఒకే తీరున చదువునని ఏ ధైర్యముతో నమ్ముదుము? వార్ధక్యమున కండలోనికి కొవ్వు చొరబడి అంచు మసకబారును. ఏ దేహములకు కొలత మిక్కిలి అవసరమో అచ్చటనే యంత్రము తడబడుటకు అవకాశము హెచ్చు.

మహబూబాబాదున 2022లోను, జనగామ భూపాలపల్లులలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు తెరచిరి. ప్రోగ్రామును కొనుటకు టెండరు పిలుచుటకన్న ముందు ఈ మూడు కళాశాలలును ఒక యేడు తమ రోగుల చిత్రములను, వారి సమ్మతితో, సేకరించి, ఒక్కొక్క చిత్రముపై ఇరువురు ఒకరి గీత నొకరు చూడకుండ గీసి, పిమ్మట యంత్రపు గీతతో సరిపోల్చి, తేడాలను బహిరంగముగా ప్రకటింపవలెనని నా అభిప్రాయము. పల్లెజనుల శరీరములలోని కొవ్వును, కండను డెక్సా అను ఎక్స్‌రే యంత్రముతో కొలిచిన అనుభవము హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు కలదు. వారి తోడ్పాటు కోరవచ్చును. అంతవరకు యంత్రము తేల్చిన అంకె వైకల్య నిర్ధారణ శిబిరపు ధ్రువపత్రముల దరి చేరరాదు. కంప్యూటరు ముద్రించిన సంఖ్యతో వాదించు వికలాంగుని గోడు మన కార్యాలయములలో ఎవరు విందురు?

యంత్రమును తండాలకు మోసికొని పోరాదా యని కొందరు అడుగుదురు. లింగనిర్ధారణ నిరోధమునకై 1994లో చేసిన చట్టము స్కానింగు యంత్రములను రిజిస్టరు చేసిన తావులకు కట్టివేసినది. చేత పట్టుకొని తిరుగు యంత్రములపై 2012 నాటి నిబంధనలు మరింత కఠినములు. కండను చూచు ప్రోబ్ వేరు, కడుపును చూచు ప్రోబ్ వేరు అను వాదము నిజమే కాని, ప్రోబ్ మార్చుట నిమిషపు పని. ఆడశిశువును కాచు కట్టును కండ పేర సడలించుటకు నేను ఒప్పుకొనను. పల్లెలలో జల్లెడ పట్టుటకు దర్జీ టేపు చాలును. పిక్క చుట్టుకొలత పురుషులకు 34, స్త్రీలకు 33 సెంటీమీటర్లకు తక్కువైనచో కండక్షయమును శంకింపుమని ఆసియా వైద్యబృందము 2019లో చెప్పినది. ఆశా కార్యకర్త ఇంటింట టేపు చుట్టి, తక్కువ తేలినవారిని కళాశాలకు పంపవచ్చును. వారు బస్సు దిగునప్పటికి అచ్చట ప్రోబ్ నిలువుగా పట్టనేర్చిన వారొకరు సిద్ధముగా నుండవలెను.